తాళంచెవి లేని సందుగ

నార్కట్‌పల్లిలో మా పెద్దమ్మ యింట ఒక టేకు సందుగ ఉండేది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. ముందుభాగమున ఇత్తడి బొడిపెలు, నడుమ పెద్ద గొళ్ళెము. బాల్యమున వేసవి సెలవులకు పోయినపుడు మేము దానిపై కూర్చుండి కథలు విన్నవారమే గాని, దాని కడుపులో మరొక కడుపు కలదని ఎన్నడూ ఎరుగము. పెద్దమ్మకు మాత్రము తెలుసును. పండుగనాడు తలుపు దగ్గరకు వేసి, ఒంటరిగా ఆ గదిలో కొంతసేపు గడిపేది. ఏమి చేసేదో ఎవరూ అడుగలేదు.

ఆమె పోయిన తరువాత కర్మలన్నీ ముగిసి, సందుగను ఖాళీ చేసి వాకిట పెట్టినారు. బట్టలు తీసినారు, ఇత్తడి చెంబులు తీసినారు. అయినను లోపలి లోతునకు, వెలుపలి ఎత్తునకు పొంతన కుదరలేదు. కొలిచి చూడగా నాలుగంగుళాల తేడా. ఎత్తి కుదిపితే ఏదో గలగలమన్నది. మా పెద్దన్నగారు ఓపిక పట్టి రెండు రోజులు వెదకి, మూడవనాడు గొడ్డలి తెప్పించినారు. అంతలో ఎవరో పోయి ఊరి వడ్లాయనను పిలుచుకొని వచ్చినారు. డెబ్బది దాటిన మనిషి. సందుగ చుట్టూ ఒకమారు తిరిగి, "గొడ్డలి ముట్టకుండ్రి సారూ. చేసినోడు తెరిచే తొవ్వ పెట్టకుంట చేస్తడా?" అన్నాడు.

ఆయన వ్రేళ్ళ కణుపులతో చెక్కను తట్టుకుంటూ పోయినాడు. అడుగున అలంకారమునకు కొట్టినట్లున్న సన్నని పట్టీని బొటనవ్రేలితో ఎడమకు నెట్టినాడు. అది ఒక అంగుళము జరిగినది. అప్పుడు లోపలి అడ్డుపలక పైకి లేచినది. దాని వెనుకనుండి ఒక అర జారి వచ్చినది. అందులో పాత వెండి కడియముల జత, పదకొండు హాలీ సిక్కా రూపాయలు, పసుపు అంటిన ఒక గుడ్డముక్క ఉన్నవి. నిజాము ప్రభుత్వపు ఆ నాణెములు చెలామణి తప్పి ఎన్నో ఏండ్లయినది. ఆమె వానిని మార్చుకొనుట మరచెనో, మార్చుకొన ఇష్టపడలేదో మాకు తెలియదు. ఆమె రహస్యము మాత్రము ఆ రూపాయలు చెల్లిన కాలముకంటె ఎక్కువ కాలము చెల్లినది.

ఆ దినమున మాకు పుట్టిన కుతూహలమే ఈ ప్రసంగమునకు కారణము. తాళంచెవి లేకుండ, కేవలము తెలివితో తెరువవలసిన పెట్టెలను మనుష్యులు ఎప్పటినుండి చేస్తున్నారు? ఎవరికొరకు చేసినారు?

మొదట మాటలను చూతము. 'సందుగ' అను మాట అరబ్బీ భాషలోని 'సందూక్' ఉర్దూ ద్వారా తెలంగాణపు ఇండ్లలోనికి వచ్చి, మన నోట మెత్తబడిన రూపము. కోస్తావారు భోషాణము అంటారు. గ్రంథములలో మందసము ఉన్నది. చిన్నదైతే పెట్టె, మరీ చిన్నదైతే భరిణె. దాచుకొనుటకు ఇన్ని మాటలున్న జాతి దాచే విద్యను ఎరుగకుండునా? ధాన్యమునకు పాతర, ధనమునకు లంకెబిందెలు, నగలకు గోడలో గూడు. అయితే పాతరగాని, బిందెగాని కేవలము కనబడకుండ చేయును. చోటు తెలిసినవానికి పలుగు చాలును. కంటి ఎదుటనే ఉండి, చేతికి చిక్కి కూడ తెరచుకొనకుండుట వేరొక విద్య. దానికి వడ్రంగి కావలెను.

ఈ విద్యకు మన దేశమున పెద్ద వంశమే కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజగృహ నిర్మాణమును చెప్పుచోట గోడలలో గూఢమైన దారులు గల మోహనగృహమొకటి వర్ణింపబడినది. అది రాజు ప్రాణరక్షణకు. క్రీ. శ. 11వ శతాబ్దమున ధారానగరమును పాలించిన భోజరాజు పేర వెలసిన సమరాంగణసూత్రధారమున యంత్రములకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. కొయ్యపక్షులు, కొయ్యతో చేసిన ద్వారపాలకులు, తమంత తాము కదలే బొమ్మలు అందు కనబడుతవి. అంతకంటె మమ్ము ఆకర్షించినది గ్రంథకర్త చేసిన ఒక హెచ్చరిక. యంత్రములు కూర్చు విధమును తాను పూర్తిగ చెప్పకపోవుట తెలియక కాదనియు, రహస్యమును కాపాడుటకే అనియు, బయటపడిన యంత్రము ఫలమీయదనియు ఆయన భావము. శాస్త్రము వ్రాస్తూ శాస్త్రమును దాచుట మనకు వింతగ తోచవచ్చును. పండితులు కొందరు ఇందుకు ఆయనను ఆక్షేపించినారు కూడ. మాకు మాత్రము ఆ వాక్యము చదివినపుడెల్ల, చేతిలోని పనిని మాటలలో పెట్టుటకు ఇష్టపడని వడ్లాయన ముఖమే గుర్తుకు వస్తున్నది.

భోజుని కాలమునకు దగ్గరగనే, నార్కట్‌పల్లికి దక్షిణమున నల్లగొండ ప్రక్కనున్న పానగల్లులో కందూరి చోడులు రాజ్యము చేసినారు. వారు కల్యాణి చాళుక్యులకు సామంతులు. వారి నాటి ఛాయాసోమేశ్వరాలయము రాతితో కట్టిన పొడుపుకథ. గర్భగృహములో లింగము వెనుక ఒక స్తంభపు నీడ పడుతుంది. సూర్యుడు తూర్పుననున్నను, నడినెత్తిననున్నను ఆ నీడ చోటు మారదు. ఏ స్తంభము నీడ అని వెదకి చేయి అడ్డుపెట్టి చూచినవారికి ఏదియు చిక్కదు. గర్భగృహమునకు ఎండ నేరుగ రాక, ముందటి మంటపపు స్తంభముల సందులగుండ ఇరువైపుల నుండి చెదరి వస్తున్నదనియు, వెలుగు తక్కువగ చేరు నడిమి భాగమే మనకు నీడగ కనబడుతున్నదనియు ఇటీవలి పరిశీలకులు వివరించినారు. కట్టినవారు ఒక్క అక్షరమైనను వ్రాసిపెట్టలేదు. ఇక నార్కట్‌పల్లికి కూతవేటులోనున్న చెరువుగట్టు కొండపై జడల రామలింగేశ్వరుని దర్శించి, మూడు గుండ్ల నడిమి ఇరుకు సందులో ఒరుసుకొనిపోయినవారు మన శ్రోతలలో ఎందరో ఉందురు. లావుపాటివారు సయితము, ఊపిరి బిగబట్టి, ఏ భుజము ముందు పెట్టవలెనో తెలిసికొని దూరగలరు. అది ప్రకృతి చేసిన చిక్కు. తెరిచే తొవ్వ అక్కడ కూడ ఉన్నది.

కొయ్యపెట్టెల సంగతికి వత్తము. తెలుగుదేశమున పెట్టెలకు ప్రపంచప్రఖ్యాతి తెచ్చిన ఊరు విశాఖపట్టణము. 1682లో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థానము నెలకొల్పినారు. కలప దొరకు కొండలకు దగ్గర, ఓడలు నిలుచు రేవు; అంతకుమించి ఏమి కావలెను? 18వ శతాబ్దపు తొలినాళ్ళనుండే అక్కడి వడ్రంగులు జిట్రేగి, నల్లకొయ్యలపై దంతమును పొదిగి, ఆ దంతముపై సన్నని పూలతీగలు గీసి, గీతలలో నల్లని లక్క నింపి, బల్లలు, కుర్చీలు, వ్రాతపెట్టెలు చేసేవారు. ఆ తీగల వరుస మన తీరపు కలంకారీ బట్టల అంచులను తలపించును. 1756లో అటు వచ్చిన కార్నీల్ అను సైనికాధికారి తన దినచర్యలో ఈ పనితనమును మెచ్చుకొన్నాడు. తరువాతి కాలమున చందనపు పెట్టెలకు దంతపు రేకులు తొడిగి, వానిపై మేడల చిత్రములు గీసినారు. కొన్ని కుట్టుపెట్టెలను అచ్చముగ చిన్న యిల్లువలెనే, కప్పు, కిటికీలతోసహా చేసినారు. కప్పు ఎత్తితే సూదులు, దారములు! దొరలు వీనిని సీమలోనున్న అక్కచెల్లెండ్రకు, భార్యలకు కానుకలుగ పంపేవారు. నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమువంటి చోట్ల ఇవి పదిలముగ ఉన్నవి.

ఆ కాలపు ఇంగ్లీషు వ్రాతబల్లలలో గూళ్ళ నడుమనుండు చిన్న అలంకార స్తంభములు లాగితే బయటకు వచ్చును. వాని వెనుక ఉత్తరములు దాచు సన్నని అర ఉండును. ఆ నమూనాలను చూచి పని నేర్చిన మన వడ్రంగులకు ఈ కిటుకు చేతికి రాకుండునా? దంతపు పని 20వ శతాబ్దపు తొలి దశలలో క్షీణించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1986లో వచ్చిన సవరణ దేశీయ దంతపు వ్యాపారమునకు తలుపు మూసినవి. ఏనుగు బ్రతుకవలెనన్న అది మూయవలసిన తలుపే. అందుకు మాకు విచారము లేదు. విచారమెల్ల ఒక్కటే: దంతముతోపాటు, దంతముతో సంబంధములేని కొయ్యపని కూడ కొంత పోయినది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లక్కభరిణెలు, కొండపల్లిలో పొణికి బొమ్మలు, నిర్మలలో రంగుల పని నిలిచినవి. ఇవన్నియు కంటికి పండుగ; అయితే చేతిని పరీక్షించు పెట్టె వీనిలో లేదు.

అట్టి పెట్టెకు అసలు పుట్టినిల్లు జపానులోని హకోనే కొండలు. అక్కడి సంగతి కొంచెము విపులముగ చెప్పుటకు శ్రోతలు అనుమతింతురుగాక. ఏలయన, అది కూడ మన నార్కట్‌పల్లివలె బాటమీది ఊరి కథ. ఎడో నగరమునుండి క్యోటోకు పోవు టొకైడో రహదారి హకోనే కనుమ గుండ పోవును. 1619లో అక్కడ ఒక తనిఖీ ఠాణా ఏర్పడినది. ఎడోకు తుపాకులు పోకుండ, ఎడోలో జామీనుగనున్న సామంతుల భార్యలు తప్పించుకొని రాకుండ కాపలా. బాటసారులు ఆగక తప్పదు. ఆగినవారు ఏదో కొనక తప్పదు. ఆ కొండలలో నానావిధముల చెట్లున్నవి. ఒకటి తెలుపు, ఒకటి పసుపు, ఒకటి గోధుమ, ఒకటి నలుపు. దారిలోని హతాజుకు అను గ్రామమున ఇషికావా నిహే అను పనివాడు (1790–1850) ఈ సహజవర్ణముల కొయ్యలను సన్నని కడ్డీలుగ కోసి, బంకతో అతికి, నక్షత్రములు, చేపపొలుసులవంటి అల్లికలు కూర్చుట ఆరంభించినాడని చెప్పుదురు. అతికిన దిమ్మెను పెద్ద చిత్రికతో, కాగితమువలె పలుచని పొరలుగ తీసి, పెట్టెలకు అంటింతురు. రంగు పూయుట లేదు; చెట్టు ఇచ్చిన రంగే.

ఆ అల్లిక అందమునకు మాత్రమే కాదు. పలకల అతుకులు ఎక్కడున్నవో ఆ చిత్రవిచిత్రపు గీతలలో కంటికి దొరకవు. మెయిజీ యుగమున, అనగా 1868 తరువాత, ఈ అల్లిక తొడిగిన రహస్యపు పెట్టెలు అక్కడి ప్రత్యేకతగ స్థిరపడినవి. మూత లేదు, తాళము లేదు, తిరగలి లేదు. ఒక ప్రక్కపలక కొద్దిగ జరుగును. అది జరిగిననే గాని రెండవది కదలదు. రెండవది కదలి మూడవదానికి చోటిచ్చును. పలకల లోవైపున గాడులు, ఆ గాడులలో కొయ్యనాలుకలు; ఒకదాని మెడ ఒకటి పట్టుకొనియుండును. కడపట మూత జారును. నాలుగు కదలికలతో తెరచుకొనునవి పిల్లలకు; పది, ఇరువదియొకటి పెద్దలకు; డెబ్బదిరెండు కదలికల పెట్టెలును కలవు. పరిమాణమును నేటికిని 'సున్' అను పాత కొలతతోనే చెప్పుదురు. ఒక సున్ మూడు సెంటీమీటర్లకు పిసరంత ఎక్కువ. మన వడ్రంగులు మెట్రిక్ కొలతలు వచ్చి ఇన్నేండ్లయినను అంగుళము, నూలు విడువలేదు గదా, అట్లే. మూయునపుడు అన్ని కదలికలను వెనుకనుండి ముందుకు చేయవలెను. ఒక్కటి తప్పిన, పెట్టె సగము తెరచి సగము మూసిన స్థితిలో చిక్కుకొనును. హకోనే అల్లికపనిని 1984లో జపాను ప్రభుత్వము సంప్రదాయ హస్తకళగ గుర్తించినది. 1999లో కొందరు పనివారు ఒక సంఘముగ కూడి, క్రొత్త కిటుకుల పెట్టెలు చేయుటకు పూనుకొన్నారు. ఇక్కడనే వారికిని మనకును తేడా. అక్కడ తండ్రి చేతినుండి జారునపుడు పట్టుకొనుటకు ఒక సంఘము ఉన్నది.

ఇదంతయు చదివిన తరువాత, పెద్దమ్మ మనుమరాలి పెండ్లి నిశ్చయమైనపుడు, బజారు కానుకకు మాకు మనసొప్పలేదు. అటువంటి పెట్టె ఒకటి మన చేతులతోనే చేయింతమని వడ్లాయన దగ్గరకు పోయినాము. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి, అద్దంకికి చీలు బాట కలియు ఆ ఊరిలో లారీల చప్పుడు ఎన్నడూ ఆగదు. గోల్కొండనుండి మచిలీపట్టణమునకు బాటసారులు పోయిన సీమ యిది. 17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడొకడు తన మజిలీలలో పానగల్లును పేర్కొన్నాడు. వడ్లాయన కొట్టము ఆ చప్పుడునకు కొంచెము లోపల, వేపచెట్టు క్రింద ఉన్నది. కొడుకులిద్దరు పట్నములో ప్లైవుడ్ బీరువాలు చేస్తున్నారు. ఆయనకు వారిపై కోపము లేదు. "గా పని జల్ది అయితది, పైసలొస్తయి" అన్నాడు.

హకోనే పెట్టె బొమ్మను చూపగా, చాలసేపు తలక్రిందులుగ కూడ త్రిప్పి చూచి నవ్వినాడు. బండిచక్రము కుండలో ఆకులు దిగగొట్టు పని తెలిసినవానికి ఇది పెద్దది కాదట. ఎనిమిదంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు, ఆరు కదలికలు. కొయ్య క్రొత్తది వద్దన్నాడు. కూల్చిన పాత యింటి టేకు దూలమునుండి పలకలు కోసినాము. ఏండ్ల తరబడి ఎండిన కొయ్య యిక వంకరపోదు. కొయ్య పొడవున పెరుగదు, అడ్డమున పెరుగును. టేకు మిగిలిన కొయ్యలకంటె తక్కువ. అందువలన జారవలసిన పలకకు అడ్డమున మందపాటి కాగితమంత సందు విడిచి, పొడవున బిగువుగ ఉంచినాము. ఉలితో గాడి తీయుట ఆయన వంతు, చిత్రిక పట్టుట మా వంతు. మేము పట్టిన మొదటి రెండు పలకలు ఆయన మాటలాడకుండ పొయ్యిలో పెట్టినాడు. గాడులలో నూనె రాయరాదనియు, నూనె దుమ్మును పట్టి జిగురగుననియు చెప్పి, మైనము రుద్దినాడు.

కుడివైపు చివరి పలక రెండు నూళ్ళు క్రిందికి దిగును. అది దిగినపుడు ముందుపలక ఎడమకు అరంగుళము జరుగును. తక్కిన నాలుగింటిని చెప్పము. భోజరాజు మర్యాదను మేమును పాటింతుము. ఆరవదానిని మాత్రము చెప్పక తీరదు, అక్కడనే మేము ఓడిపోయినాము గనుక. పెట్టెను తలక్రిందులు చేసిననే లోపలి కొయ్యచీల వెనుకకు పడి, మూత వదలునట్లు కూర్చినాము. వైశాఖములో అది చక్కగ పడినది. శ్రావణములో ముసురు పట్టగానే చీల ఉబ్బి తన బెజ్జములోనే బిగిసిపోయినది. పెండ్లి పదునెనిమిది రోజులున్నది. పెట్టె మూసియున్నది, చేసినవారమే తెరువలేకున్నాము. ఆ సాయంకాలము మాకు మా పెద్దన్నగారి గొడ్డలి గుర్తుకు రాకపోలేదు. వడ్లాయన పెట్టెను గుడ్డలో చుట్టి, వంటపొయ్యికి రెండు బారల దూరమున రాత్రియంతయు ఉంచినాడు. తెల్లవారి చీల పడినది.

ఇత్తడి చీల పెట్టుదమంటిమి. ఇనుము, ఇత్తడి లేకుండ చేయుదమనుకొన్న మాట ఏమయ్యెనని ఆయన ప్రశ్న. మరునాడు మనుమని జేబునుండి ఒక గాజు గోలీ తెచ్చి చూపినాడు. గాజు ఉబ్బదు, ఎండదు. చీలకు బదులు సన్నని కాలువ తీసి, అందులో గోలీ దొర్లునట్లు చేసినాడు. అయితే దొర్లినపుడు చప్పుడగును, చప్పుడే గుట్టు చెప్పును. అందుచేత కాలువ రెండు కొనలను పాత కంబళిముక్కతో మెత్తచేసినాడు. జపానువారు ఈ ఉపాయము ఎరుగుదురో ఎరుగరో గాని, మేము మాత్రము ఆ రాత్రి తృప్తిగ భోంచేసినాము.

ఇక మిగిలినది ఒక చర్చ. తెరిచే విధమును ఒక కాగితముపై వ్రాసి పెట్టెతో ఇయ్యవలెనని మా వాదన. పెద్దమ్మ చేసిన పొరపాటు మరల జరుగరాదు గదా! ఆమె చెప్పక పోయినందువలననే గదా గొడ్డలి వాకిటికి వచ్చినది! ఆయన ఒప్పుకొనలేదు. "కాయితం వేరొకని చేతికి పోతది. చెయ్యి నేర్చుకుంటె ఎటు పోతది?" అన్నాడు. కాగితమును నమ్మి బ్రతుకువారము మేము. మైకు ఎదుట సయితము కాగితము లేనిదే నోరు పెగలదు. ఆయన పనిలో ఒక్క ముక్కయు కాగితముపై లేదు. ఆయన తరువాత ఆ కొట్టమున ఎవరు కూర్చుందురో, కాగితము లేకుండ ఆ గాడుల లెక్క ఎవరి చేతికి పోవునో అని అడుగబోయి ఊరుకొన్నాము. చివరకు రాజీ కుదిరినది. పిల్లను కొట్టమునకు పిలిచి, మొదటి అయిదు కదలికలను ఆయనే చేయిపట్టి నేర్పుట. ఆరవది ఆమెయే కనుగొనుట. మా కాగితము మా సొరుగులోనే ఉండుట.

పాత కొయ్య రేడియోలున్న ఇండ్లలో, పాడునది ఎవరని పెట్టె వెనుకకు పోయి తొంగిచూచిన పిల్లలను మేము ఎరుగుదుము. మేమును అట్లు చూచినవారమే. దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలియు నాటికే హైదరాబాదు పరిసరములలో అట్టి పిల్లలు ఎందరో. ఈ పిల్ల కూడ ఆ కోవలోనిదే. కొట్టములో ఒకమారు చూచి, రెండవమారు తానే అయిదు కదలికలు చేసినది.

పెట్టెలో మేము ఉంచినది పెద్దమ్మ దాచిన పదకొండు హాలీ రూపాయలలో ఒకటి, పసుపు అంటిన ఆ గుడ్డముక్క. పెండ్లినాడు కానుకల బల్లమీద అది మిగిలిన డబ్బాల నడుమ చిన్నగ కనబడినది. ఎవరో దానిని తాంబూలపు పెట్టె అనుకొన్నారు. అత్తవారింట చేరిన నాలుగవనాడు పిల్ల ఫోను చేసినది. రూపాయి దొరికినదట. అది ఎట్లు తెరచుకొన్నదో ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు. ఆమెకు కావలసినది వేరొకటి: ఇప్పుడు దానిని తిరిగి మూయుట ఎట్లని. వడ్లాయనను ఫోనులోనికి పిలిచినాము.